డింగ్ తాత పీట

ఏడాదిలో కొన్ని రోజులు హెంగ్ తన కన్నకొడుకు ముందు నేల మీద నుదురు ఆనించి దండం పెట్టేవాడు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. యిన్ నగరంలో తాతలున్న ప్రతి ఇంట్లోనూ జరిగేదే. పోయినవాళ్లు పోతారు గానీ వాళ్ల ఆకలి పోదు. ఆకలికి తినే నోరు కావాలి. ఆ నోరు మనవడిది. మనవడు తాత బట్టలు కట్టుకుని, తాత పీట మీద కూర్చుని, తాత వంతు మాంసం తిని, తాత వంతు కల్లు తాగితే, పైనున్న తాత కడుపు నిండుతుంది. కొడుకు మాత్రం కూర్చోకూడదు. కొడుకు వడ్డించాలి, మనవడు తినాలి, ఎప్పటినుంచో వస్తున్న పద్ధతి అది. పీట మీద ఉన్నంతసేపూ వాడు మనవడు కాడు, తాతే. వాడు దగ్గితే తాత దగ్గినట్టు. వాడు పిలిస్తే, జుట్టు నెరిసిన తండ్రి అయినా సరే 'అయ్యా' అని పలకాల్సిందే.

హెంగ్ కూడా కుర్రతనంలో తన తాత కోసం కూర్చున్నాడు. తండ్రి వచ్చి తన ముందు వంగితే మొదట పీట దిగిపోదామనిపించింది. రెండు గిన్నెల కల్లు కడుపులో పడ్డాక ఆ బెదురు తగ్గింది. ఆ తర్వాత ఎవరో తన గొంతులోంచి మాట్లాడారు. అది తాను కాదని హెంగ్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

కూడు పెట్టగానే అయిపోదు. ఇంటి సంగతులన్నీ అప్పజెప్పాలి. అందరూ బయటికి వెళ్లి తలుపులు మూస్తారు. లోపల ఇంటి పెద్ద ఒక్కడే పీట ముందు మోకాళ్ల మీద కూర్చుని చెప్పుకుంటూ పోవాలి. పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, పండిన పంట, ఈనిన ఆవు, వచ్చిన చుట్టం, అన్నీ. పీట మీద మనిషి "ఇంకా?" అంటాడు. చెప్పాలి. మళ్లీ "ఇంకా?" అంటాడు. చెప్పడానికి ఏమీ మిగలనప్పుడు "మంచిది" అంటాడు. ఊళ్లో ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు, పీట ముందు ఒక్కటి దాచినా ఆ వంశం నిలవదు. ఈ సంగతి యిన్‌లో పాలు తాగే పిల్లకైనా తెలుసు.

హెంగ్ వాళ్లది కల్లు పులియబెట్టే వంశం. నల్లకొర్రలు ఉడికించి, బూజు పట్టించిన పిండిముద్ద కలిపి, సువాసన ఆకులు నూరి పోసి, రాజుగారి తాతలకు పోసే కల్లు వాళ్లే చేసేవాళ్లు. ఆ రాజు ఇప్పుడు లేడు. పడమటివాళ్లు రథాలు తోలుకుని వచ్చేసరికి మేడ ఎక్కి మంటపెట్టుకుని చనిపోయాడు. తాగి తాగి రాజ్యం పోగొట్టుకున్నాడని పడమటివాళ్లు ఊరూరా చెబుతున్నారు. ఓడినవాడి గురించి గెలిచినవాడు చెప్పే కథ అది, ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం. ఎప్పుడో తాతల తాతల నాడు యిన్‌వాళ్లు కూడా ఇంకో వంశాన్ని కూలదోసే గద్దెక్కారు. అప్పటి రాజు కూడా తాగుబోతేనని అప్పుడూ అన్నారు. ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి, తాగుబోతు కథ మాత్రం మారదు.

గెలిచాక పడమటివాళ్లు చాటింపు వేయించారు. చచ్చినవాళ్లకు కల్లు పోయొచ్చు గానీ బతికున్నవాళ్లు నలుగురు చేరి తాగితే తల తీస్తారట. పోసేది చచ్చినవాళ్లకేనా కాదా అని చూడటానికి ప్రతి కర్మకూ ఒక దొర వచ్చి వాకిట్లో కూర్చుంటాడు. హెంగ్ వీధికి వచ్చే దొర యుద్ధానికి ముందు యిన్ సంతల్లో ఎద్దుల బేరాలు చేసినవాడు. యిన్ మాట యిన్‌వాళ్ల కంటే బాగా మాట్లాడతాడు, యిన్ తిట్లు కూడా.

మూడేళ్లు తిరగకముందే పడమటి రాజు చనిపోయాడు. గద్దె మీద పసివాణ్ణి కూర్చోబెట్టారు. ఇదే అదనని యిన్ లేచింది. లేచినంత వేగంగానూ పడింది. తిరుగుబాటులో రథాలు తోలినవాళ్లను పడమటివాళ్లు ఇంటింటికీ వచ్చి వెతుకుతున్నారు. హెంగ్ పెరట్లో రెండుసార్లు వెతికారు, కల్లుకుండలు పగలగొట్టారు, పోతూ పోతూ పందుల్ని తోలుకుపోయారు. వాళ్లు వెతికే మనుషుల్లో హెంగ్ బావమరిది షువో ఉన్నాడు. షువో హెంగ్ పెరట్లోనే ఉన్నాడు.

*

కొర్రలు ఉడికేటప్పుడు పెరడంతా ఆవిరి కమ్ముకుంటుంది. ఎదురుగా ఉన్న మనిషి కూడా మసకగా కనిపిస్తాడు. ఆకుల గుడిసె వెనకాల పాతర మూత తీయడానికి హెంగ్ ఆ వేళనే ఎంచుకునేవాడు. పైన పగిలిన కుండపెంకులు, వాటి కింద చెక్క, చెక్క కింద షువో.

"బావా," అని లోపల్నించి గొంతు వచ్చింది, "మీ ఇంట్లో కల్లుకుండకున్న మర్యాద నాకు లేదు. దానికి ఎండుగడ్డి చుట్టి పడుకోబెడతారు. నన్ను వట్టి మట్టిలో పడేశారు."

"కల్లుకుండ నోరు మూసుకుని ఉంటుందిరా. నువ్వూ మూసుకో, నీకూ చుడతాను."

"అక్క ఏం వండింది?"

"ఏం వండితే ఏంటి, నీ దాకా వచ్చేసరికి అన్నీ కల్లు పిప్పి వాసనే. పిప్పి బుట్టలో పెట్టి తేవాలి కదా."

షువో గబగబా తిన్నాడు. తింటూనే అడిగాడు. "క్వాన్ ఎలా ఉన్నాడు? ఒక్కసారి చూపించు బావా. నా భుజాలెక్కి ఊరంతా తిరిగేవాడు వెధవ. వాడి పెళ్లానికి నెల తప్పిందటగా."

"వాడికి చెప్పలేదు."

"మేనల్లుడిక్కూడానా?" షువో నమలడం ఆపాడు. "పట్టిస్తాడనా?"

"ఛ, అదేం మాటరా! వాణ్ణి పట్టుకెళ్లి కొడితే? తెలిస్తే కదా చెప్పేది. తెలియకపోవడం వాడికే మంచిది."

"నీ ఇష్టం. కానీ మేనమామ బతికున్నాడో లేదో తెలియని మేనల్లుడు... పాపం కదా." షువో ఖాళీ గిన్నె పైకి అందించాడు. "మంచు కరిగాక తూర్పు సముద్రం వైపు పోతాను. అందాకా ఓర్చుకో. నీ ఋణం ఉంచుకోనులే, నీ మనవడికి రథం తోలడం నేర్పిస్తా."

హెంగ్ మూత పెట్టి పెంకులు సర్దాడు. షువోను హెంగ్ భార్య మెయ్ పెంచింది. వాళ్లమ్మ పోయినప్పుడు వాడింకా దోగాడుతున్నాడు. పెళ్లై ఈ ఇంటికి వచ్చేటప్పుడు చంకన పెట్టుకుని తెచ్చుకుంది. వాడు పట్టుబడితే మెయ్ బతకదు, అది హెంగ్‌కు బాగా తెలుసు.

కొడుకు క్వాన్ మాత్రం మామూలు కుర్రాడు కాదు. అన్నీ చూస్తాడు. ఆ సాయంత్రం కొర్రలు చెరుగుతూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"నాన్నా, అమ్మ రోజూ పిప్పి బుట్ట పట్టుకుని పెరట్లోకి వెళ్తోంది. మనకిప్పుడు పందులు లేవు కదా."

"ఎరువుకి."

"మావయ్య బతికే ఉన్నాడా?"

"నాకేం తెలుసు?"

క్వాన్ చేట కింద పెట్టాడు. "దాచినవాళ్లని ఏం చేస్తున్నారో తెలుసా? ఒక్కణ్ణి కాదు, ఇంటిల్లిపాదినీ నరుకుతున్నారు. పిల్లల్ని కూడా. మనింట్లో పుట్టబోయే పిల్ల ఉంది నాన్నా. మనం పోతే తాతలకి కూడెవరు పెడతారు?"

"ఎవరు చెప్తున్నారు నీకు ఇవన్నీ? ఆ ఎద్దుల దొరేనా?"

"అందరూ అనుకునేదే. ఆకాశం మనసు మార్చుకుంది. ఒకప్పుడు మనల్ని ఎన్నుకుంది, ఇప్పుడు వాళ్లని ఎన్నుకుంది. నువ్వొక్కడివే ఒప్పుకోవు."

"ఆకాశం మారితే మారనీ. మా నాన్న ఆకలి మారుతుందా?" అని హెంగ్ లేచాడు. "చెరగడం కానివ్వు. కబుర్లతో పొట్టు పోదు."

కొడుక్కి అబద్ధం చెప్పినందుకు హెంగ్ మనసు కాస్త చివుక్కుమంది. కానీ అది వాడి మంచికేనని సర్దిచెప్పుకున్నాడు. తండ్రులు చేసే సగం తప్పులు ఈ మాట చాటునే చేస్తారు.

*

పది రోజుల వారంలో నాలుగోది డింగ్ రోజు. ఏడాదిలో కొన్ని డింగ్ రోజుల్లో హెంగ్ తండ్రికి కూడు పెట్టాలి. పోయినవాళ్ల అసలు పేరు పలక్కూడదు కాబట్టి ఆయన్ని కూడా ఆ రోజు పేరుతోనే 'డింగ్ తాత' అని పిలుస్తారు. ఈసారి కూటి రోజున పొద్దున్నే ఎండ పడే వేళకు వంటలు సిద్ధమయ్యాయి. క్వాన్ స్నానం చేసి తాత అంగీ వేసుకున్నాడు. మోచేతి దగ్గర హెంగ్ తల్లి వేసిన మాసిక ఇంకా ఉంది. ఎన్నిసార్లు ఉతికినా ఆ అంగీకి పాత కల్లు వాసన పోదు.

దొర వచ్చి వాకిట్లో, తలుపు పక్కన, చాప మీద కూర్చున్నాడు.

"కానివ్వండి, కానివ్వండి," అన్నాడు. "నేనున్నానని మొహమాట పడకండి. మెయ్, నీ పంది కూర వాసన వీధి చివరిదాకా వస్తోంది."

"మా పందులు మీ దొడ్లోనే ఉన్నాయి దొరా. ఇది పక్కింటివాళ్లు పెట్టిన ముక్క," అంది మెయ్. దొర పకపకా నవ్వాడు.

హెంగ్ వడ్డించాడు. క్వాన్ పీట మీద తాతలా కాళ్లు మడిచి కూర్చుని మాంసం తిన్నాడు, కల్లు తాగాడు. మళ్లీ పోస్తే మళ్లీ తాగాడు. అందరూ బయటికి వెళ్లారు. తలుపులు మూసుకున్నాయి. హెంగ్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. షువో పాతరలోకి వచ్చాక వచ్చిన మొదటి కూటి రోజు ఇదే. ఈ గడియ తలుచుకుని హెంగ్‌కు కొన్నాళ్లుగా సరిగా నిద్రలేదు. తలుపవతల ఎద్దుల దొర ఉన్నాడు. కానీ దాయడం కుదరదు. గుసగుసగా చెప్పేస్తే సరిపోతుందని మనసులో అనుకుని వచ్చాడు. నాన్నకు తెలిస్తే చాలు, గోడకు తెలియక్కర్లేదు.

"కొర్రలు ఈసారి తక్కువ పండాయి నాన్నా."

"ఇంకా?"

"పందుల్ని తోలుకుపోయారు. కుండలు పగలగొట్టారు. పిండిముద్ద మాత్రం కాపాడాను."

"ఇంకా?"

"కోడలికి నెల తప్పింది. నీకు ముని మనవడు రావచ్చు."

"ఇంకా?"

హెంగ్ నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. ముందుకు వంగి, గొంతు బాగా తగ్గించి, "షువో మన దగ్గరున్నాడు," అన్నాడు.

పీట మీద మనిషి కదిలాడు. తల కాస్త పక్కకు తిప్పాడు. కుడిచెయ్యి నెమ్మదిగా లేచి, ఎడమ చెవి వెనకాల దొప్పలా ఆగింది.

డింగ్ తాతకు ముసలితనంలో ఎడమ చెవి పోయింది. ఏది చెప్పినా సరిగ్గా ఇలాగే, కుడిచెయ్యి మెడ మీదుగా తిప్పి, ఎడమ చెవికి పెట్టుకునేవాడు. దగ్గర్లో ఉన్న చెయ్యి వాడకుండా అవతలి చెయ్యి వాడతావెందుకని ఇంట్లో అందరూ ఏడిపించేవాళ్లు. ఇన్నేళ్లుగా క్వాన్ పీట మీద కూర్చుంటున్నా ఒక్కసారి కూడా ఇలా చేయలేదు. హెంగ్‌కు ఒళ్లు జలదరించింది.

"వినపడలేదు," అంది పీట. "ఈ చెవి పనిచెయ్యదని తెలుసు కదరా పెద్దోడా. గట్టిగా చెప్పు."

పెద్దోడా. ఆ పిలుపు విని హెంగ్‌కు ఎన్నేళ్లైంది! నిజంగా వచ్చాడు. రాజ్యం పోయినా, రాజు కాలిపోయినా, దారి వెతుక్కుని తన తండ్రి తన ఇంటికి వచ్చాడు. హెంగ్ కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. తలుపవతల మనిషున్నాడన్న మాటే మరిచిపోయాడు. చెవిటి తండ్రికి చెప్పినట్టే, బతికున్నప్పుడు చెప్పినట్టే, గొంతెత్తి అరిచాడు.

"షువో మన దగ్గరే ఉన్నాడు నాన్నా! ఆకుల గుడిసె వెనకాల పాతరలో, కుండపెంకుల కింద! వాణ్ణి నువ్వే కాపాడాలి!"

చెప్పి నుదురు నేలకు ఆనించి, 'మంచిది' అనే మాట కోసం ఎదురుచూశాడు. ఆ మాట రాలేదు. తలెత్తి చూస్తే చెయ్యి చెవి దగ్గర్నించి దిగిపోయి ఉంది. క్వాన్ ఖాళీ గిన్నెలోకి చూస్తున్నాడు. వాడి మెడ ఎర్రగా కందిపోయింది.

లోపలివాళ్లు రమ్మనేదాకా తలుపు తెరవకూడదు. ముందు బయటినుంచి దగ్గాలి, ఆ తర్వాతే తీయాలి. ఆ రోజు ఎవరూ దగ్గలేదు. తలుపులు ధడాలున తెరుచుకున్నాయి.

"పెద్దాయన్ని బాగా వినిపించుకునేలా చేశావు హెంగ్," అన్నాడు దొర. అతని మనుషులు అప్పటికే పెరట్లోకి పరుగెత్తుతున్నారు. కుండపెంకులు చెదిరిన చప్పుడు, మెయ్ అరుపు, ఒకదాని వెంట ఒకటి వినిపించాయి.

షువోను చేతులు వెనక్కి విరిచి తీసుకొచ్చారు. వెలుతురుకు కళ్లు చికిలించుకుంటున్నాడు. హెంగ్ ఎదురుగా వచ్చాక ఒక్క క్షణం ఆగాడు.

"నీ గొంతు వినపడింది బావా," అన్నాడు.

"ఒరేయ్, అది కాదురా, నాన్నకి చెప్తున్నా..."

"గొంతు నీదే." షువో నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "పొమ్మంటే పోయేవాణ్ణి కదా. ఇంత అరవాలా?"

ఇంకో మాట అనేలోపే ఈడ్చుకుపోయారు. వెనకే పరుగెత్తిన హెంగ్‌ను ఈటె కర్రతో గుండె మీద పొడిచి పడేశారు. ఆ సాయంత్రమే ఏటి ఒడ్డున షువో తల తీశారు. బావ పట్టించాడనుకునే పోయాడు వాడు. కాదని చెప్పడానికి హెంగ్‌కు ఇక ఏ దారీ లేదు. చచ్చినవాళ్లకు చెప్పాలంటే పీట కావాలి. షువోకు కొడుకులూ లేరు, మనవలూ లేరు.

*

తల తీసిన కబురు రాగానే క్వాన్ దొర కాళ్ల మీద పడ్డాడు. తాత అంగీ ఇంకా వాడి ఒంటి మీదే ఉంది.

"సరిహద్దుకు పంపిస్తానన్నారు! ప్రాణం తియ్యనన్నారు!"

"పంపించాగా," అన్నాడు దొర. "అంతకంటే దూరం ఎక్కడుంది?"

ఆ మాట అందరి ముందే అన్నాడు. మెయ్‌కి అర్థం కావడానికి ఇంకేమీ వినక్కర్లేకపోయింది. ఆమె కొడుకును కొట్టలేదు, శపించలేదు. దగ్గరికి వచ్చి వాడి ముఖం కాసేపు అలాగే చూసింది.

"వాణ్ణీ నేనే పెంచాను, నిన్నూ నేనే పెంచాను," అంది. "ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదు."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారు. కల్లు పులియబెట్టే ఇంటికి ఆ సామెత బాగా తెలుసు. గింజ మంచిదే, నీళ్లు మంచివే, కుండ మంచిదే, ఒక్కోసారి అయినా పుచ్చిపోతుంది. ఎందుకు పుచ్చిందో ఎంత వెతికినా దొరకదు.

మర్నాడు క్వాన్ తండ్రి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. హెంగ్ గుండె మీద దెబ్బకు ఆకు కట్టుకుని గోడకు చేరగిలబడి ఉన్నాడు.

"మావయ్య దొరికితే ఇంటిల్లిపాదీ పోయేవాళ్లం. దొరకడం ఎలాగూ ఖాయం," అన్నాడు క్వాన్. "నేను చెబితే మన ఇల్లు, మన తాతల సమాధులు మనకే ఉంచుతానని దొర మాటిచ్చాడు. ఒక్క మనిషి ప్రాణం... అది కూడా తియ్యనన్నాడు. నేనేం చెయ్యను నాన్నా?"

హెంగ్ ఆకు కట్టు సర్దుకున్నాడు.

"నిన్ను అడిగాను. కొడుకుగా అడిగితే అబద్ధం చెప్పావు. తాతగా అడిగితే నిజం చెప్పావు. నేను నీకేమవుతాను?"

ఆ మాట హెంగ్‌కు ఈటె కర్ర కంటే గట్టిగా తగిలింది.

"ఒక్కటి చెప్పు. ఆ చెయ్యి... చెవి దగ్గర పెట్టావే. అది నువ్వు పెట్టావా, ఆయన పెట్టాడా?"

"నేనే పెట్టాను. నువ్వు గుసగుసగా చెబితే బయటికి వినపడదని దొర అన్నాడు. తాత చెయ్యి గుర్తొచ్చింది."

"మరి 'పెద్దోడా' అన్నావు. ఆయన నన్నలా పిలిచేవాడని నీకు తెలియదు. నువ్వు పుట్టకముందే మానేశాడు."

క్వాన్ ముఖం పాలిపోయింది. "అది నేను అనుకున్నది కాదు నాన్నా. నోట్లోంచి వచ్చేసింది."

దానికంటే వాడు అబద్ధం చెప్పినా బాగుండేదని హెంగ్‌కు అనిపించింది. కొడుకు ఒక్కడే మోసం చేసి ఉంటే కొడుకునే ద్వేషించి ఊరుకునేవాడు. ఆ పిలుపు నిజంగా తన తండ్రిదే అయితే, తండ్రి వచ్చి కూడా ఊరుకున్నాడు. పీట మీద కూర్చుని, వింటున్న దొరను చూసి కూడా, గట్టిగా చెప్పు అన్నాడు. తండ్రి రాకపోయి ఉంటే మాత్రం, ఇన్నేళ్లూ తాను దండం పెట్టింది ఒక పాత అంగీకి. ఏది నిజమైనా హెంగ్‌ను తన వాళ్లే ముంచేశారు. ఎవరిని తిట్టాలో తెలియక ఎవరినీ తిట్టలేదు.

మంచు కరగడం మొదలయ్యాక ఉత్తర్వు వచ్చింది. పడమటివాళ్లు దూరంగా లో అనే ఏటి ఒడ్డున కొత్త నగరం కడుతున్నారు. అక్కడి గుళ్లలో వాళ్ల తాతలకు కల్లు పోయాలి. మంచి కల్లు చేయడం వాళ్లకు రాదు. కాబట్టి హెంగ్ వంశమంతా కుండలు, పిండిముద్ద, పెళ్లాం పిల్లలతో సహా అక్కడికి కదలాలి. క్వాన్ దొర ఇంటికి పరుగెత్తాడు. వెళ్లినంత వేగంగా తిరిగి వచ్చాడు.

"ఏమన్నాడు?" అంది మెయ్.

"మాటిచ్చింది నేను, ఉత్తర్వు ఇచ్చింది నేను కాదు అన్నాడు."

ఏరు దాటాక తెప్ప తగలేయడం పడమటివాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. కాలిపోయేటప్పుడు ప్రతి తెప్పా తనొక్కదానికే జరిగిందనుకుంటుంది, అంతే. షువో ప్రాణం పోయింది, సమాధులూ పోయాయి. క్వాన్ చేసిన బేరంలో వాడికి దక్కినదేమీ లేదు.

బయల్దేరే రోజు హెంగ్ ఒక్కడే తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు. కల్లు పోశాడు. ఎప్పుడూ అప్పజెప్పేవాడు, ఆ రోజు ఏమీ అప్పజెప్పలేదు.

"నీకన్నీ తెలుసు," అన్నాడు. "నాకంటే ముందే తెలుసు."

మాసిక అంగీని మడతపెట్టి సమాధి పక్కన గుంట తవ్వి పూడ్చేశాడు. ఇక ఆ అంగీని ఎవరూ కట్టుకోరు. తండ్రి ఆకలి తలుచుకుని ఒక్కసారి చెయ్యి ఆగింది. మళ్లీ మట్టి తోశాడు.

*

లో ఏటి నీళ్లతో కల్లు వేరే రుచి వచ్చింది. పడమటి దొరలకు తేడా తెలియలేదు, బాగుందన్నారు. హెంగ్‌కు తెలిసింది. గుండె మీద దెబ్బ పడ్డచోట లోపల ఏదో సరిగా అతుక్కోలేదు. దగ్గు పట్టుకుని వదల్లేదు. డింగ్ రోజుల్లో ఖాళీ పీట ముందు మాంసం పెట్టి, కల్లు పోసి, లేచి వచ్చేసేవాడు. అక్కడ "ఇంకా?" అనేవాళ్లు లేరు.

క్వాన్‌తో పని మాటలే మాట్లాడేవాడు. నీళ్లు పొయ్యి. మంట తగ్గించు. మూత పెట్టు. క్వాన్ అన్నీ చేసేవాడు. తిట్టరా అన్నట్టు తండ్రి ముఖంలోకి చూసేవాడు. హెంగ్ తిట్టేవాడు కాదు.

వేసవి చివర్లో మనవడు పుట్టాడు. మెయ్ చాలా కాలం తర్వాత నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. హెంగ్ బిడ్డను ఒళ్లో పెట్టుకుని గంటలకొద్దీ కూర్చునేవాడు. వాడి చెవులు పట్టి చూసేవాడు.

"బాగా వినిపిస్తాయా నీకు? ఆఁ? వినిపిస్తాయా?" అని అడిగేవాడు. వాడు బోసినవ్వు నవ్వేవాడు.

చలి మొదలయ్యేసరికి హెంగ్ లేవలేకపోయాడు. ఒక మధ్యాహ్నం తన పాత అంగీని మెయ్‌కి ఇచ్చి, చిరిగినచోట కుట్టమన్నాడు. ఆమె కుట్టి ఇచ్చాక క్వాన్‌ను పిలిచాడు. క్వాన్ వచ్చి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. తండ్రి ముఖం చూసి తట్టుకోలేకపోయాడు.

"నాన్నా, ఒక్క మాట అను. తిట్టు, కొట్టు, శపించు. ఏదో ఒకటి చెయ్యి. క్షమించకపోయినా ఫర్వాలేదు. ఇలా వెళ్లిపోకు."

"ఇప్పుడేం అనను," అన్నాడు హెంగ్. దగ్గు ఆగేదాకా ఆగి, ఒళ్లోని అంగీని కొడుకు వైపు జరిపాడు. "ఇది తీసుకో. పెట్టెలో అడుగున పెట్టు. పురుగు పట్టనివ్వకు. వాడు పెద్దవాడవుతాడు. వాడికి ఇది సరిపోతుంది."

క్వాన్‌కు అప్పుడు అర్థమైంది. చెయ్యి చాచినవాడు అలాగే ఆగిపోయాడు.

"వాడు పీట మీద కూర్చుంటాడు," అన్నాడు హెంగ్. "నువ్వు కింద కూర్చుంటావు. తలుపులు మూస్తారు. నువ్వు పంట సంగతి చెబుతావు, కుండల సంగతి చెబుతావు. నేను 'ఇంకా?' అంటాను. నువ్వు చెప్పేదాకా అంటూనే ఉంటాను."

"నాన్నా..."

"కొడుకుగా అడిగితే అబద్ధం చెప్పానన్నావు కదా. అందుకే ఇప్పుడు అడగను. అప్పుడే అడుగుతాను."

మెయ్ గోడ వైపు తిరిగి కూర్చుంది. బయట బిడ్డ ఏడుస్తున్నాడు, కోడలు ఊరుకోబెడుతోంది. తీసుకోకపోతే తండ్రి ఎప్పటికీ ఆకలితో ఉండిపోతాడు. క్వాన్ రెండు చేతులతోనూ అంగీ అందుకున్నాడు.

హెంగ్ కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకుని క్వాన్ లేవబోతుంటే మళ్లీ గొంతు వినిపించింది, చాలా మెల్లగా, దాదాపు దయగా.

"నా రెండు చెవులూ బాగానే పనిచేస్తాయిరా. నువ్వు అరవక్కర్లేదు. మెల్లగా చెప్పినా వినపడుతుంది."